లేని లైట్‌హౌస్‌కి టూరు ప్లాను

వరలక్ష్మి ఆంటీ పోయిన కొన్నాళ్ళకి వాళ్ళమ్మాయి లత ఫోన్ చేసింది. "సుధా, ఇల్లు అమ్మేస్తున్నాం. కిచెన్‌లో నీకేం కావాలో వచ్చి తీస్కో. ఆ గిన్నెలన్నీ దేనికో నాకు తెలీదు," అంది. లత ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ మాటల చివర్లు కొంచెం తినేస్తుంది. అరోరాలో మా ఇంటికి ఆ ఇల్లు రెండు వీధుల అవతలే. పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళయిందో, తలుపు తియ్యగానే ఇంగువ, వేయించిన మెంతుల వాసన అలాగే ఉంది. ఇల్లు అమ్మాలంటే ముందు ఆ వాసన పోవాలని రియల్టర్ చెప్పిందట, లత కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఆ వాసన కోసమే కదా నేను పరిగెత్తుకొచ్చింది. సింకు పక్క కింది అరలో, పాత తువ్వాలులో చుట్టిన రైస్ కుక్కర్ ఒకటి కనబడింది. అడుగు నల్లగా మాడిపోయి ఉంది, వైరు కరిగి ముద్దయింది. "ఇది చెత్త కదా? మామ్ దీన్ని ఎందుకు దాచింది?" అని లత అడిగింది. నిలబడి చెప్పే సంగతి కాదది. తర్వాత చెబుతానని కుక్కర్ని కార్‌లో పెట్టుకుని వచ్చేశాను. ఆ చెప్పాల్సిందే ఇప్పుడు రాస్తున్నాను.

నేను అమెరికా వచ్చిన కొత్తలో నాకు పని లేదు. ఉన్నమాట చెప్పాలంటే పని దొరికినా చెయ్యడానికి వీల్లేదు. నాది హెచ్ ఫోర్, అంటే మొగుడి వీసా వెనకాల వచ్చిన వీసా. వంట చెయ్యొచ్చు, కార్ డ్రైవ్ చెయ్యొచ్చు, ఉద్యోగం మాత్రం కూడదు. రాజమండ్రిలో నేను సోషల్ టీచర్ని. ప్రపంచపటం చూడకుండా బోర్డు మీద గీసేదాన్ని. ఇక్కడ మా ఆయన మురళి ఆఫీస్‌కి వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు గడిచేవి కావు. లైబ్రరీకి నడిచి వెళ్ళి ఊళ్ళ గైడ్ పుస్తకాలు మోసుకొచ్చేదాన్ని. చదివి ఊరుకునే రకం కాదు నేను. ఎవరైనా వెకేషన్ అన్నారంటే చాలు, ఏ పూట ఏది చూడాలి, ఎక్కడ నీడ ఉంటుంది, బాత్రూమ్ ఎంత దూరం, పెరుగు ఎక్కడ దొరుకుతుంది అన్నీ అడగకుండానే ప్లాన్ చేసి ఇచ్చేదాన్ని. గుళ్ళో ఆడవాళ్ళు నాకు టూరిస్ట్ సుధ అని పేరు పెట్టారు. ఆ టూరిస్టు మాత్రం దేశం దాటే ప్రశ్నే లేదు. దాటితే మళ్ళీ పాస్‌పోర్టు మీద వీసా ముద్ర, అదే స్టాంపింగ్, అయితేగానీ తిరిగి రానివ్వరు, అది అవుతుందో అవదో ఎవరూ చెప్పలేరు. "ఎందుకు రిస్క్?" అనేవాడు మురళి. మా ఇంట్లో రోజూ పప్పు ఉడికినంత మామూలుగా ఆ మాట వినబడేది.

శనివారాలు గుడి వంటింట్లో కూరలు తరగడానికి వెళ్ళేదాన్ని. అక్కడే ఆంటీ పరిచయం. ఆవిడ పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై దాటినా, ఎవరైనా వంకాయని పెద్ద ముక్కలుగా తరిగితే ఒంటికాలి మీద లేచేవారు. మొదటిరోజే నా ముక్కల్ని పరీక్షగా చూసి, ఫరవాలేదన్నట్టు తలూపి, "ఏం చేసేదానివమ్మాయ్ అక్కడ?" అన్నారు.

"సోషల్ టీచర్నండీ."

"అయితే అలెగ్జాండ్రియా ఎక్కడుందో తెలుసన్నమాట."

"ఈజిప్టులోనండీ. మెడిటరేనియన్ సముద్రం ఒడ్డున."

"అబ్బో! అయితే రేపు మా ఇంటికి రా, కాఫీ ఇస్తాను. మా ఆయనకి నువ్వే చెబుదువుగాని. ఎప్పుడు వెళ్దాం, ఎప్పుడు వెళ్దాం అని నా ప్రాణం తోడేస్తున్నారు."

అలా మొదలైంది. వాళ్ళాయన డాక్టర్ సూర్యారావు అంకుల్, సర్జన్. ఆ ఇంట్లో అన్నిటికీ ఒక పద్ధతి ఉండేది. అన్నానికి కూర్చునే ముందు అంకుల్ ఆపరేషన్‌కి వెళుతున్నట్టు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు. భోజనమయ్యాక కమలాపండు తీసుకుని తొక్క ఎక్కడా తెగకుండా ఒకే పట్టీలా ఒలిచేవారు. ఆ తొక్కల్ని ఆంటీ కిటికీ దగ్గర పళ్ళెంలో ఎండబెట్టి సున్నిపిండిలో కలిపేవారు. అందుకే వాళ్ళ హాలంతా పండ్ల వాసన, వంటిల్లంతా పోపు వాసన. చేతులు అంత పద్ధతిగా ఉన్న మనిషికి మరుపు జబ్బంటే మొదట్లో నేను నమ్మలేదు. వెళ్ళిన ప్రతిసారీ "నీదే ఊరమ్మా?" అని అడిగేవారు. రాజమండ్రి అనగానే ముఖం వెలిగిపోయేది. "గోదావరి వంతెన మీంచి వచ్చావా?" అనేవారు. వచ్చానండీ అనేదాన్ని. ఆ సంతోషం ఆయనకి ప్రతిసారీ కొత్తదే కాబట్టి నాకూ విసుగనిపించేది కాదు.

కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఒక లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే ఉద్యోగం అంకుల్ వాళ్ళ నాన్నగారిది. దాని కిందే క్వార్టర్స్, అక్కడే పెరిగారు. బడిలో మాస్టారు, ప్రపంచంలో పేరుపడ్డ మొట్టమొదటి లైట్‌హౌస్ అలెగ్జాండ్రియాలోదని చెప్పారట. ఇంటికొచ్చి, "మనదానికంటే పెద్దదా నాన్నా?" అని అడిగితే ఆయన కోపం తెచ్చుకోకుండా, "పెద్దదేనంటారు. నువ్వు చూసొచ్చి నాకు చెప్పు," అన్నారట. తర్వాత విశాఖపట్నంలో మెడిసిన్, ఆపైన అమెరికా. వచ్చే సమ్మర్‌లో వెళ్దాం అని ఏటా అనుకోవడం, ఏటా ఏదో ఒకటి అడ్డు రావడం. పిల్లల కాలేజీ, ఇల్లు, ఎవరికో ఆపరేషన్. నాన్నగారు ఎప్పుడో పోయారు. తీరా రిటైరై తీరిక దొరికేసరికి మరుపు వచ్చి కూర్చుంది. అన్నిటికంటే ఆంటీని బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. ఆ లైట్‌హౌస్ వందల ఏళ్ళ కిందటే భూకంపాలకి కూలిపోయింది. ఆ సంగతి పార్టీలకి వచ్చినవాళ్ళందరికీ ఒకప్పుడు అంకులే కథలుగా చెప్పేవారు. ఇప్పుడు ఆయన బుర్రలోంచి సరిగ్గా ఆ ముక్కే చెరిగిపోయింది. అది ఇంకా అక్కడే నిలబడి వెలుగుతోందనే ఆయన నమ్మకం.

"చూడు సుధా," అన్నారు ఆంటీ ఒకరోజు, అంకుల్ వినకుండా నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి. "ఇంకో ఏడాదికి ఈయనకి నేను గుర్తుంటానో లేదో తెలీదు. సముద్రాన్ని చూసి సముద్రమని తెలిసేటప్పుడే తీసుకెళ్ళాలి. ట్రిప్పంతా నువ్వే ప్లాన్ చెయ్యి."

నా ఆనందం చూడాలి! ఆ నెలంతా మురళికి మాడిన కూరలే. ఫ్రిజ్ తలుపు మీద అలెగ్జాండ్రియా మ్యాప్ అంటించాను. అప్పటికి ఫోన్‌లు దారి చెప్పడం ఇంకా రాలేదు, దారి మనిషికే తెలియాలి. సముద్రం వెంబడే విల్లులా వంగిన రోడ్డు, దాన్ని అక్కడ కార్నిష్ అంటారు. ఆ రోడ్డు పక్కనే, పెద్ద పళ్ళెం వాల్చి పెట్టినట్టుండే కొత్త లైబ్రరీ. ఊరి మధ్యలో పాలరాతి మెట్ల రోమన్ థియేటర్, ఎండ ఎక్కకముందే చూడాలి. భూగర్భంలో సమాధుల గదులున్నాయి, మెట్లు ఎక్కువ, అంకుల్‌కి వద్దు. మోంతజా అని రాజుగారి తోట ఒకటి, పైన్ చెట్ల నీడలో బెంచీలుంటాయి, మధ్యాహ్నం నిద్రకి అదే మంచిది. పాత ట్రామ్ ఎక్కితే ఊరంతా కూర్చునే చూడొచ్చు. చివరగా, కార్నిష్ కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఖైత్‌బే కోట. లైట్‌హౌస్ ఉన్న చోట దాన్నే కట్టారు. కూలిన లైట్‌హౌస్ రాళ్ళు కొన్ని ఆ కోట గోడల్లో ఉన్నాయంటారు. మ్యాప్ మీద వేలితో ఆ దారి ఎన్నిసార్లు నడిచానో, ఏ మలుపులో గాలి ఎటు వీస్తుందో కూడా తెలిసినట్టే ఉండేది. నేను వెళ్ళలేనన్న బాధ కూడా ఉండేది. దాన్ని మ్యాప్ వెనక దాచుకున్నాను.

కోట దగ్గరే నాకూ ఆంటీకీ పేచీ వచ్చింది. "అక్కడికెళ్ళి లైట్‌హౌస్ ఏదీ అని అడిగితే రిపేర్‌లో ఉందని చెప్పెయ్యండి ఆంటీ," అన్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా దగ్గరికొచ్చిన ఏ పిల్లవాడికీ ఇంజెక్షన్ నొప్పెట్టదని అబద్ధం చెప్పలేదు నేను. కట్టుకున్న మొగుడికి చెబుతానా?" అన్నారు. అయితే కోట మానెయ్యండి, లైబ్రరీ, తోట చూసి వచ్చెయ్యండి అన్నాను. "దానికోసమే కదే వెళ్ళేది!" అని కసిరారు. చివరికి ఏమీ తేలకుండానే టికెట్లు బుక్ చేశాం.

ఇక సామాను. మనవాళ్ళు చంద్రుడి మీదికి వెళ్ళినా రైస్ కుక్కర్ వదలరని మురళి వేళాకోళం చేసేవాడు గానీ, అది లేకుండా అంకుల్‌ని తీసుకెళ్ళే వీల్లేదు. రాత్రి పెరుగన్నం, మాగాయ ముక్క లేకపోతే ఆయన ఇది నా ఇల్లు కాదని లేచి వెళ్ళిపోయేవారు. సోనా మసూరి బియ్యం, కందిపొడి, ఊరమిరపకాయలు, నాలుగు కవర్లలో చుట్టిన మాగాయ సర్దాం. ఈజిప్టు ప్లగ్గు పిన్నులు వేరుగా ఉంటాయని పుస్తకంలో చదివి, గుండ్రటి పిన్నుల అడాప్టర్ వెతికి వెతికి కొన్నాను. ఆంటీ దాన్ని చూసి, "ఎంత ముందుచూపే నీకు!" అని మెచ్చుకున్నారు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన మా ఆయన ఆ కుక్కర్‌నీ అడాప్టర్‌నీ తన చేతుల్తో సూట్‌కేస్‌లో సర్ది జిప్ వేశాడు. అందరం ఇండియా కరెంటులో పుట్టి పెరిగినవాళ్ళమే. ఈజిప్టులోనూ అదే కరెంటు, అమెరికా కుక్కర్‌కి అది పనికిరాదని ఒక్కరికీ తట్టలేదు.

దిగిన రోజు ఇద్దరూ నిద్రపోయారు, విమానంలో పెట్టిన బ్రెడ్డుతోనే గడిపారు. మర్నాటి నుంచి ఆంటీ ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ళ సాయంత్రం మాకు పొద్దున. నేను కాఫీ కప్పుతో ఫ్రిజ్ ముందు నిలబడేదాన్ని. "లైబ్రరీ బావుందే, లోపల చల్లగా ఉంది, ఆయన ఒక కుర్చీలో కూర్చుని కదలనన్నారు," అనేవారు. "ట్రామ్‌లో ఆడవాళ్ళ పెట్టె వేరేనట, మేమిద్దరం కలిసి కూర్చోవడం కుదర్లేదు, ఆయన కంగారుపడ్డారు," అనేవారు. రాత్రి భోజనానికి హోటల్లో పెరుగు, రొట్టె ఇస్తున్నారట, కింద వంటింట్లో అన్నం కూడా అడిగితే పెట్టారట. ఇంక కుక్కర్ తియ్యలేదు. హోటల్ చిన్నదే, కార్నిష్ మీద, బాల్కనీలోంచి సముద్రం కనబడుతుంది. నడిపే ఆవిడ ఆంటీ వయసు మనిషి, ఇంగ్లీషు వచ్చు. ఎండ అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే మళ్ళీ గుర్తొచ్చిందని ఆంటీ అన్నారు. మా కిటికీ బయట అప్పుడు మంచు. నాకు ఆ ఎండ మీద అసూయ కలిగింది.

కోటకి వెళ్ళిన రోజు శనివారం. మా ఇంట్లో ఇంకా తెల్లారుతుండగా ఫోన్ వచ్చింది. ఎత్తగానే ఆంటీ గొంతు.

"చెప్పేశానే. అడిగారు, చెప్పేశాను. కూలిపోయిందండీ, ఎప్పుడో భూకంపంలో పోయింది, మీకూ తెలుసు కదా, ఇవిగో దాని రాళ్ళే ఈ గోడలో ఉన్నాయి అన్నాను."

"ఏమన్నారు ఆంటీ?"

"చిన్నపిల్లాడిలా ఏడ్చారే. జనం చూస్తున్నారు. ఎలా పడిపోయింది, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు, ఓడలకి ఎవరు చెప్పారు అని ఒకటే కోపం. కాసేపటికి ఊరుకున్నారు, హమ్మయ్య అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, వరాలూ, లైట్‌హౌస్ ఏదీ అని మళ్ళీ అడిగారు." ఆంటీ ముక్కు చీదుకున్నారు. "మళ్ళీ ఎలా చెప్పను సుధా? ఇలా ఎన్నిసార్లు ఏడిపించను?"

హోటల్‌కి వచ్చెయ్యండి, ఆయనకి ఇష్టమైన అన్నం పెట్టండి, రేపు చూద్దాం అన్నాను. అంతకంటే ఏం తోచలేదు. ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ మీది మ్యాప్ చూస్తే చింపి పారెయ్యాలనిపించింది. ఆయన్ని అక్కడికి పంపకుండా ఉండాల్సిందని మురళితో అంటే, తను మొదటిసారి రిస్క్ అన్న మాట ఎత్తకుండా ఊరుకున్నాడు.

మేం మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుండగా మళ్ళీ ఫోన్ మోగింది. అక్కడ అప్పటికే రాత్రి. ఆంటీ గుసగుసగా మాట్లాడుతున్నారు.

"కుక్కర్ పెట్టానే. డామ్మని పేలింది. పొగ! మా ఫ్లోర్ అంతా కరెంటు పోయింది."

"వన్ టెన్!" అని పక్కనుంచి మురళి నెత్తి కొట్టుకున్నాడు. "ఆంటీ, అది వన్ టెన్ వోల్ట్స్ కుక్కర్! అక్కడ టూ ట్వంటీ!"

"సరేలే, ఇప్పుడు చెబుతున్నావా," అన్నారు ఆంటీ. కానీ ఆవిడ గొంతులో కోపం లేదు. "అది కాదు. అంకుల్ బాల్కనీలో ఉన్నారు. చీకటవగానే లేచి, బ్యాగ్‌లో ఫ్లాష్‌లైట్ తీసుకుని వెళ్ళారు. సముద్రం వైపు ఊపుతున్నారే. నిదానంగా, లెక్కపెట్టుకుంటూ. రండి లోపలికి అంటే, దీపం ఆరిపోయింది కదా, నాన్న బాగుచేసే దాకా నేను ఇక్కడే ఉండాలి అంటున్నారు. చిన్నప్పుడు అక్కడ దీపం చెడిపోతే వాళ్ళ నాన్న ఈయన చేతికి లాంతరిచ్చి పైన నిలబెట్టేవారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకే చెప్పలేదు."

తలుపు తట్టిన చప్పుడు వినబడింది. హోటల్ ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని వచ్చారట. ఆంటీ ఆవిడతో ఇంగ్లీషులో చెబుతుంటే నేను వింటున్నాను, వీళ్ళ నాన్న లైట్‌హౌస్‌లో పనిచేసేవారు, మా ఆయనకి ఒంట్లో బాగాలేదు, క్షమించాలి అని. ఆవిడ బాల్కనీ వైపు చూశారట. తర్వాత మెట్ల వైపు తిరిగి అరబీలో ఏదో కేకేశారు. ఏమన్నారని ఆంటీ అడిగితే, ఫ్యూజ్ ఇప్పుడే వెయ్యొద్దని చెప్పాను అన్నారు.

ఆంటీ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. ఫోన్‌లో సముద్రం హోరు, కింద రోడ్డు మీద కార్ల హారన్లు. నేను అరోరాలో పొయ్యి పక్కన నిలబడి, ఎప్పుడూ చూడని సముద్రాన్ని చెవికి ఆనించుకుని ఏడ్చాను. మురళి స్టవ్ ఆపేశాడు. కొంతసేపటికి ఆంటీ, "నీళ్ళ మీద చేపల పడవలున్నాయే. ఒకదాంట్లో దీపం ఇటు తిరిగినట్టుంది. ఈయన కోసమో, దాని పనేదో అదో," అన్నారు. అంకుల్ గొంతు పక్కనుంచి వినబడింది. ఎన్నడూ వినని గొంతు అది, పొద్దుటి ఏడుపు గానీ రోజూ ఉండే తడబాటు గానీ లేదు. "వరాలూ, పడవలన్నీ వచ్చేశాయి. ఇంక దీపం వేసుకోమను," అన్నారు. ఆంటీ ఫోన్ పెట్టేశారు.

తిరిగొచ్చాక అంకుల్‌కి ఈజిప్టు వెళ్ళిన సంగతే గుర్తులేదు. ఫోటోలు చూపిస్తే, "ఎవరీయన, ఎండకి బాగా కమిలిపోయాడు," అనేవారు. లైబ్రరీ లేదు, తోట లేదు, ట్రామ్ లేదు. ఆంటీకి మాత్రం ఒక్కటి ఆశ్చర్యం. ఎప్పుడు బయల్దేరదాం అన్న ప్రశ్న ఆ తర్వాత ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు నాకు గ్రీన్ కార్డ్ ఉంది, ఇక్కడి స్కూల్లో పిల్లలకి మళ్ళీ పటాలు గీసి చూపిస్తున్నాను. ఏ ఊరికైనా వెళ్ళి రావచ్చు, స్టాంపింగ్ భయం లేదు. ఫోన్ తెరిస్తే అలెగ్జాండ్రియాలో చూడాల్సినవి వరసగా వస్తాయి, వాటికి జనం ఇచ్చిన నక్షత్రాలతో సహా. కోటకి నాలుగున్నర నక్షత్రాలు. ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు, దేశం దాటే ధైర్యం లేదు, పొద్దు పోక చచ్చేదాన్ని. అయినా ఆ ఊరిని తెలుసుకున్నంతగా, చేతిలో పాస్‌పోర్టు పెట్టుకుని తర్వాత వెళ్ళిన ఏ ఊరినీ తెలుసుకోలేకపోయాను. సాయంత్రాలు ఎవరింటికో వెళ్ళి ఊరికే కూర్చునే తీరిక కూడా ఆ ఇంటితోనే పోయింది.

అంకుల్ పోవడానికి కొన్నాళ్ళ ముందు ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. అప్పటికి ఆయనకి ఆంటీ పేరు కూడా తెలియడం లేదు. కమలాపండు ఒలిచి చేతిలో పెడుతూ ఆంటీ, తనకే ఎందుకో అనిపించి, "ఏవండీ, అలెగ్జాండ్రియా లైట్‌హౌస్ చూడాలని ఉందా ఇంకా?" అని అడిగారు.

అంకుల్ ఆవిడ వైపు వింతగా చూశారు. కొత్త మనిషికి తెలియని సంగతి ఓపిగ్గా చెబుతున్నట్టు చెప్పారు.

"చూడ్డమేంటండీ. అక్కడ డ్యూటీ నాదే కదా."